ధారణ లేకుండా అవధానమా?

పల్నాడు జిల్లా నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఆవిడ చెప్పిన సంగతి క్లుప్తంగా ఇది.

ఇంటి ముందుగదే వాళ్ల దుకాణం. భర్త పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తారు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, ఆల్బమ్‌ల డిజైన్ పని ఆవిడది. ఇద్దరికీ కలిపి పదేళ్ల కిందట కొన్న కంప్యూటర్ ఒక్కటే ఉంది: నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, ఒక హార్డ్ డిస్కు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖ కూర్చుతుంటే పక్కన ఫొటోషాప్‌లో ఫ్లెక్సీ తెరిచి ఉంటుంది. వెనకాల పెళ్లి వీడియో రెండర్ (ముక్కలన్నీ కలిసి తుది ఫైలుగా తయారు కావడం) అవుతుంటుంది. బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు, అందులోనే వాట్సాప్‌కు వచ్చి పడే ఖాతాదారుల ఫొటోలు. “మౌసు ఇప్పుడు కదిపితే బాణం గుర్తు కాఫీ తాగి వచ్చాక కదులుతుంది” అని రాశారు. కోటప్పకొండ తిరునాళ్ల ముందు వారం ఈ నత్తనడక వల్లే మూడు ఫ్లెక్సీ ఆర్డర్లు చేజారాయట. భర్త ఈమధ్య కొత్త కెమెరా కొన్నారు. దాని వీడియోలు 4:2:2, 10 బిట్, హెచ్.265 రకం, అంటే రంగుల వివరం ఎక్కువగా నింపి గట్టిగా నొక్కి కట్టిన ఫైళ్లు. వాటిని ఎడిటింగ్ ప్రోగ్రాం ప్రీమియర్‌లో తెరిస్తే బొమ్మ ఆగి ఆగి నడుస్తోంది.

చీటీ పాడితే లక్షా ఇరవై వేలు వచ్చింది. అక్కడి నుంచి కష్టాలు మొదలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మరిది సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ నుంచి కొటేషన్ తెప్పించారు: ఐ9-14900కె ప్రాసెసర్, హెచ్610 బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె), రంగు రంగుల లైట్ల క్యాబినెట్. మొత్తం చేతిలో ఉన్న డబ్బు దాటింది. తేడా తానే వేసుకుంటానన్నారు. ఊళ్లోని కంప్యూటర్ దుకాణదారు, జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్, 64 జీబీ ర్యామ్ ఉన్న రీఫర్బిష్డ్ వర్క్‌స్టేషన్ అందులో సగం ధరకే ఇస్తానంటున్నాడు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అబ్బాయి రైజెన్ 7 7800ఎక్స్3డీ, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నాడు. భర్తను అడిగితే “తమ్ముడికంటే మనకు ఎక్కువ తెలుసా?” అంటున్నారు. “మరిది మాట కాదంటే చిన్నబుచ్చుకుంటారు. వింటే చీటీ డబ్బంతా ఏమవుతుందోనని భయం. అసలు ఏ ప్రాసెసర్ కొనాలో ఒక్క మాటలో చెప్పండి” అని ముగించారు.

అమ్మా, ఒక్క మాటలో చెప్పలేను. మీ మరిది ఒక్క మాటలోనే చెప్పారు కదా, ఐ9 అని. చిక్కు అక్కడే వచ్చింది. మీ ఉత్తరంలో అందరూ ప్రాసెసర్ పేరుతో మొదలుపెట్టి కిందికి దిగారు. నేను మీ బల్ల దగ్గర మొదలుపెడతాను.

అవధాన సభ ఎప్పుడైనా చూశారా? చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి. అవధాని ఎనిమిదింటినీ ఒకేసారి చెప్పడు. ఒకరికి ఒక పాదం చెప్పి పక్కవారి దగ్గరకు పోతాడు, చుట్టు తిరిగి మళ్లీ వస్తాడు. నోరు ఒక్కటే. చూసేవాళ్లకు మాత్రం ఎనిమిదీ కలిసి నడుస్తున్నట్టు ఉంటుంది. ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్ చేసేదీ ఇదే. కొన్ని మిల్లీసెకన్లు ఒక ప్రోగ్రాం దగ్గర ఆగుతుంది, తర్వాతి దాని దగ్గరకు పోతుంది. నాలుగు కోర్లంటే నలుగురు అవధానులు అనుకోండి. అయితే ఎవరి పద్యం ఎక్కడ ఆగిందో గుర్తు లేకపోతే నలుగురున్నా నలభై మందున్నా సభ సాగదు. ఆ గుర్తునే మనం ధారణ అంటాం. కంప్యూటర్‌కు ఆ ధారణ ర్యామ్. (మధ్యలో అడ్డుతగిలే అప్రస్తుత ప్రసంగి కూడా ఉన్నాడు. యాంటీవైరస్, అప్‌డేట్లు, వాట్సాప్ మోతలు ఆ బాపతు.)

మీ యంత్రానికి 8 జీబీ ధారణ ఉంది. విండోస్ వాటా, ముప్పై ట్యాబుల వాటా పోతే మిగిలినది మీ పనికి చాలదు. చాలనప్పుడు విండోస్ ఏం చేస్తుందంటే, కాసేపు అక్కరలేదనుకున్న సరుకును హార్డ్ డిస్కు మీద పేజ్ ఫైల్‌లో రాసి పెట్టి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. అవధాని ప్రతి పాదాన్నీ కాగితం మీద రాసి, బీరువాలో దాచి, అవసరమైనప్పుడల్లా లేచి వెళ్లి తాళం తీసినట్టు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలు ఏరాలంటే సెకనుకు సుమారు వంద చోట్లకు మించి పోలేదు. మీరు కాఫీ తాగి వచ్చేది ఆ వెతుకులాట సాగినంత సేపు.

ఇప్పుడు మీ పనులకు కొలత వేద్దాం. ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఫ్లెక్సీ. అంగుళానికి 100 చుక్కల చొప్పున చేస్తే 24,000 నిలువు వరుసలు, 12,000 అడ్డ వరుసలు. అంటే 28 కోట్ల 80 లక్షల చుక్కలు. అచ్చు రంగుల పద్ధతి సీఎంవైకేలో చుక్కకు నాలుగు బైట్లు. నిండుగా ఉన్న ఒక్క లేయరే జీబీ దాటింది. వెనక కొండ బొమ్మ, ముందు ప్రభ బొమ్మ, పైన నాయకుల ఫొటోలు వరుసగా వేసుకుంటూ పోతే ఏమవుతుందో మీకు రోజూ కనిపిస్తూనే ఉంది. ఆల్బమ్ షీటు చూడటానికి చిన్నది. 12 అంగుళాలు, 36 అంగుళాలు, 300 చుక్కల లెక్కన, ఫొటోల రంగుల పద్ధతి ఆర్‌జీబీలో చుక్కకు మూడు బైట్ల చొప్పున లేయరుకు 117 మెగాబైట్ల దాకా వస్తుంది. కానీ ఆల్బమ్‌లో మీరు ఒక్క షీటు తెరిచి ఊరుకోరు, నాలుగైదు తెరిచి పెట్టుకుని అటూ ఇటూ ఫొటోలు మారుస్తారు. ఈ లెక్కన మీకు 16 జీబీ కూడా ఇరుకే. 32 అయితే ఊపిరి ఆడుతుంది. 64 అయితే వీడియో వెనకాల నడుస్తున్నా మీ ఫ్లెక్సీ తన దారిన తాను నడుస్తుంది.

ఇంత చెప్పినా నా మాట నమ్మి డబ్బు ఖర్చు చేయవద్దు. మీ కంప్యూటర్‌నే అడగండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న చోట సీపీయూ, మెమరీ, డిస్క్ శాతాలు కనిపిస్తాయి. రద్దీగా పని చేసే రెండు రోజులు, బాణం గుర్తు బిగుసుకుపోయిన ప్రతిసారీ ఆ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాయండి. మెమరీ 90 దాటి, డిస్క్ 100 దగ్గర నిలబడితే జబ్బు ధారణదే. మూడింటిలో సీపీయూ ఒక్కటే 100 దగ్గర ఉంటే కోర్లు చాలడం లేదు. ఇంకో సందర్భం ఉంది, చాలామంది దీన్ని గమనించరు: యంత్రం నత్తలా ఉంటుంది, సీపీయూ మాత్రం 25 శాతమే చూపిస్తుంది. మీది నాలుగు కోర్ల ప్రాసెసర్. 25 శాతమంటే ఒక కోర్ నిండా పనిలో మునిగి ఉందని, తక్కిన మూడూ చేతులు కట్టుకు కూర్చున్నాయని అర్థం కావచ్చు. పేజ్‌మేకర్ ఇలాంటి బాపతే. 32 బిట్ల కాలం నాటి ప్రోగ్రాం. దానికి ఇరవై నాలుగు కోర్లు ఇచ్చినా వాడుకోవడం తెలియదు. ఫొటోషాప్‌లో కూడా కొన్ని పనులు కోర్లన్నింటినీ వాడుకుంటాయి కానీ, ఎక్కువ పనులకు కావలసింది కోర్ల సంఖ్య కాదు, ఒక్కో కోర్ వేగం.

ఇక కొటేషన్ల సంగతి. మీ మరిది చెప్పిన ఐ9-14900కె చిన్న సరుకు కాదు. పెద్ద కోర్లు 8, పొదుపు కోర్లు 16, మొత్తం 32 థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిపించగల పనుల వరుసలు. దాని చుట్టూ కట్టిన సంసారమే నాకు నచ్చలేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంది. ఆ ప్రాసెసర్ పూర్తి బరువు ఎత్తుకున్నప్పుడు 253 వాట్ల దాకా లాగుతుంది. హెచ్610 తరగతి బోర్డుల్లో చాలావాటికి అంత విద్యుత్తును నిలకడగా అందించే సత్తా ఉండదు. అప్పుడు ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. పేరు చివరి ‘కె’ అక్షరానికి డబ్బు పోసేది వేగాన్ని మనమే పెంచుకునే వీలు కోసం. ఆ వీలు హెచ్610లో ఉండనే ఉండదు, దానికి జెడ్ రకం బోర్డు కావాలి. 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌తో దీన్ని నడపమంటే నేనైతే మీట నొక్కను. అన్నిటికీ మించి 16 జీబీ ర్యామ్, అదీ ఒకే స్టిక్కు. ఒకే స్టిక్కు పెడితే మెమరీ రెండు దారుల్లో ఒకటి మూతపడుతుంది. ఇరవై నాలుగు మంది అవధానులను పిలిచి, అందరికీ కలిపి ఒక్క పలక ఇచ్చినట్టు.

మరో సంగతి కూడా మీ మరిదికి చెప్పండి, ఆయనకు తెలిసే ఉండవచ్చు. 13, 14 తరాల ఇంటెల్ పెద్ద ప్రాసెసర్లు అధిక వోల్టేజి వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో తేలింది. ఇంటెల్ సవరణలు విడుదల చేసింది. బాక్సులో అమ్మినవాటికి వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. కాబట్టి ఆ తరాల ఐ7, ఐ9 కొనేవాళ్లు బాక్సు సరుకే తీసుకోవాలి, మొదటి రోజే బోర్డు బయాస్ (బోర్డును నడిపించే లోపలి ప్రోగ్రాం) కొత్తది వేయించుకోవాలి. ట్రేలో విడిగా వచ్చే సరుకు రెండు వేలు తక్కువకు వస్తుందని దుకాణంలో అంటారు. ఆ రెండు వేలూ మిగుల్చుకోవద్దు.

ఊళ్లో దుకాణదారు చెప్పినదాన్ని నవ్వి తోసేయలేం. ధారణ లెక్కలో నెగ్గేది అదే. 64 జీబీ, 14 కోర్లు, 28 థ్రెడ్లు, సగం ధర. కానీ ఆ జియాన్ 2016 నాటిది. ఒక్కో కోర్ వేగం 3.3 గిగాహెర్ట్‌జ్ దగ్గర ఆగిపోతుంది. అంటే మీ పేజ్‌మేకర్‌కు, ఫొటోషాప్‌కు పెద్ద మార్పు కనిపించదు. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో అది లేదు. దాని ర్యామ్ సర్వర్ రకం, రేపు వేరే కంప్యూటర్ కొంటే అందులోకి పనికిరాదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి కార్డు విడిగా కొనాలి. చేతిలో యాభై వేలు మాత్రమే ఉండి, పని ఫ్లెక్సీల వరకే అయితే తీసుకోండి అనేవాణ్ని. మీ భర్త కెమెరా దాన్ని తీసుకోనివ్వదు. ఎందుకో చెబుతాను.

అబ్బాయి కోరిన 7800ఎక్స్3డీ మంచి ఆటగాడు. అందులో అదనంగా పేర్చిన క్యాష్ మెమరీ ఆటలకు బాగా ఉపయోగపడుతుంది, రెండరింగ్‌కు అంతగా కాదు. 8 కోర్లు. ఆ ధర దగ్గర మీ పనికి అంతకంటే ఎక్కువ కోర్లు వస్తాయి. అయితే గ్రాఫిక్స్ కార్డు అడగడంలో వాడి స్వార్థం సగమే. మిగతా సగం మీకూ పనికివచ్చే మాట.

మీ ఉత్తరంలో అందరూ దాటవేసిన అసలు ముడి ఆ 4:2:2 వీడియో. కెమెరా బొమ్మను నొక్కి నొక్కి చిన్న ఫైలుగా కడుతుంది. ఎడిటింగ్‌లో ప్రతి క్షణం ఆ మూట విప్పాలి. విప్పడానికి ప్రాసెసర్‌లోనో గ్రాఫిక్స్ కార్డులోనో ప్రత్యేకమైన చిన్న యంత్రం ఉంటే పని నల్లేరు మీద బండి నడక. లేకపోతే కోర్లన్నీ ఆ మూట విప్పడంలోనే అలసిపోతాయి. రంగుల వివరం తక్కువగా ఉండే మామూలు 4:2:0 వీడియోను దాదాపు అన్ని కార్డులూ విప్పుతాయి. హెచ్.265లో 4:2:2, 10 బిట్ వీడియోను ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ విప్పగలుగుతున్నాయి. దీనికి క్విక్ సింక్ అని పేరు. ఎన్‌విడియాలో ఆర్‌టీఎక్స్ 30, 40 వరుసల కార్డులకు ఈ విద్య రాదు, 2025లో వచ్చిన 50 వరుసకు వచ్చింది. రైజెన్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కూ రాదు. అందుకే ఇంటెల్ కొంటే పేరు చివర ‘ఎఫ్’ ఉన్నది తీసుకోవద్దు. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని గుర్తు. వెయ్యో రెండు వేలో తగ్గుతుందని దుకాణాల్లో ఎఫ్ రకమే అంటగడతారు. మీ ఇంటికి ఆ ఎఫ్ వల్ల కెమెరా సగం వృథా.

దీనికి రూపాయి ఖర్చు లేని ఉపాయాలు కూడా ఉన్నాయి. కెమెరాను 4:2:0కు మార్చి తీస్తే ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. రంగులు దిద్దే వెసులుబాటు కొంత తగ్గుతుంది కానీ, పెళ్లివారు టీవీలో చూసుకునే వీడియోలో ఆ తేడా పట్టగలిగేవాళ్లు అరుదు. లేదా ప్రీమియర్‌లో ప్రాక్సీలు చేసుకోవచ్చు. అంటే పెద్ద ఫైళ్లకు తేలికపాటి నకళ్లు తయారుచేసి, వాటితో ఎడిటింగ్ ముగించి, చివరి రెండర్‌కు అసలు ఫైళ్లు వాడటం. రాత్రి నకళ్లు చేయడానికి పెట్టి పడుకుంటే పొద్దున్నకు సిద్ధంగా ఉంటాయి. మీ భర్త ఏది ఇష్టపడతారో ముందు తెలుసుకోండి. ఆయన జవాబును బట్టి ప్రాసెసర్ మారుతుంది.

నాకు కనిపిస్తున్న దారుల్లో మొదటిది, ఇప్పుడే ఏమీ కొనకపోవడం. హెచ్81 బోర్డులో రెండు స్లాట్లు ఉంటాయి, 16 జీబీ వరకు పెంచుకోవచ్చు. పాత డీడీఆర్3 రకం ర్యామ్ స్టిక్కులు, ఒక సాటా ఎస్‌ఎస్‌డీ కొంటే కొద్ది వేలల్లో అయిపోతుంది. ఎస్‌ఎస్‌డీకి తిరిగే పళ్లెం ఉండదు కాబట్టి బీరువా తాళం బాధ తప్పుతుంది. ఇలా ఒక పెళ్లిళ్ల సీజన్ నెట్టుకు రావచ్చు. నష్టం ఏమిటంటే, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, మీ నాలుగో తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు. బ్యాంకు లావాదేవీలు, జీఎస్‌టీ పనులు ఆ యంత్రం మీద చేయడం ఇక మంచిది కాదు. కెమెరా సమస్య ఎక్కడిదక్కడే ఉంటుంది.

రెండోది, ఇంటెల్ దారి. ఐ5-14500 తీసుకుంటే పెద్ద కోర్లు 6, పొదుపు కోర్లు 8, మొత్తం 20 థ్రెడ్లు. క్విక్ సింక్ లోపలే ఉంది కనుక గ్రాఫిక్స్ కార్డు వెంటనే అక్కరలేదు. ఆ డబ్బు ర్యామ్‌కు మళ్లించవచ్చు. దీనికి డీడీఆర్4 ర్యామ్ పట్టే బోర్డులు కూడా దొరుకుతాయి. బీ760 బోర్డులో నాలుగు స్లాట్లున్నది తీసుకుంటే ఇవాళ రెండు 16 జీబీ స్టిక్కులు, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఇంకో రెండు. నష్టం: ప్రాసెసర్ కూర్చునే ఆ సాకెట్ వంశం 14వ తరంతో ఆగిపోయింది. ఐదేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుదామంటే కుదరదు, బోర్డు కూడా మార్చాలి. ఇదే దారిలో ఇంకో మెట్టు పైన కోర్ అల్ట్రా 7 265కె ఉంది, 20 కోర్లు. క్విక్ సింక్ అందులోనూ ఉంది. రెండరింగ్‌లో తేడా బాగా తెలుస్తుంది. అయితే ర్యామ్ డీడీఆర్5 మాత్రమే, బోర్డు, కూలర్ ఖర్చూ పెరుగుతాయి.

మూడోది, ఏఎండీ దారి. రైజెన్ 9 7900లో 12 కోర్లు, 24 థ్రెడ్లు. పొదుపు కోర్లు అంటూ వేరే ఉండవు, అన్నీ పెద్దవే. 65 వాట్ల తరగతి కాబట్టి వేడి తక్కువ, కూలర్ బాక్సులోనే వస్తుంది. ఏఎం5 సాకెట్‌ను 2027 దాకా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది కనుక బోర్డు మార్చకుండా మరో ప్రాసెసర్ వేసుకునే ఆశ ఉంటుంది. కానీ 4:2:2 కోసం దీనికి ఆర్‌టీఎక్స్ 5060 లాంటి 50 వరుస కార్డు తోడు కావాలి. అప్పుడు అబ్బాయి కోరికా తీరుతుంది. డీడీఆర్5 ర్యామ్, కార్డు రెండూ కలిసేసరికి మీ లక్షా ఇరవైలో 64 జీబీకి చోటు ఉండదు, 32తో సరిపెట్టుకోవాలి. డీడీఆర్5తో ఇంకో పేచీ ఉంది: నాలుగు స్టిక్కులు పెడితే వేగం బాగా పడిపోతుంది. అందుకని తర్వాత కలుపుదామనే లెక్క ఇక్కడ పనికిరాదు, మొదటే రెండు స్టిక్కుల జత చూసుకుని తీసుకోవాలి.

ధరలు ఇక్కడ రాయడం లేదు. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలకు రెక్కలు వచ్చాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుండటమే కారణం. ఈ వారం కొటేషన్ వచ్చే వారానికి చెల్లదు. మీ మరిది ర్యామ్ 16 దగ్గర ఆపింది కూడా ధర చూసే అయి ఉంటుంది, ఆయన్ను తప్పుపట్టలేం. కానీ కోయవలసింది అక్కడ కాదు. ముందు క్యాబినెట్ లైట్లు కోయండి, తర్వాత గాజు తలుపులు. ఆ తర్వాత కూడా చాలకపోతే ప్రాసెసర్ ఒక మెట్టు దించండి.

నేనైతే ఐ5-14500 వైపే మొగ్గుతాను. మీ భర్త వారానికి రెండు మూడు పెళ్లి వీడియోలు రెండర్ చేసే స్థాయికి చేరితే 265కె. ఏడాదిలో రెండు సీజన్లే పని ఉంటే ఐ5 చాలు, మిగిలినది ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీకి.

ఇంకో మాట. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు తట్టింది. మీ కంప్యూటర్‌కు పనులు ఎక్కువ అన్నారు. అవి ఒకరి పనులు కావు, ఇద్దరివి. ఆయన రెండర్ పెట్టి లేస్తే మీరు కూర్చుంటారు, మీరు శుభలేఖ దిద్దుతుంటే ఆయన వెనక నిలబడతారు. ఎన్ని కోర్లు కొన్నా కుర్చీ ఒక్కటే. కొత్తది వచ్చాక పాతదాన్ని అమ్మవద్దు. అమ్మబోతే అడవి, ఎవరూ పైసా ఇవ్వరు. దానికి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి, ఇంటర్నెట్ తీసేసి, పేజ్‌మేకర్, అను ఫాంట్ల పని దాని మీదే ఉంచండి. పాత ప్రోగ్రాం కొత్త విండోస్ మీద మొరాయిస్తుందేమోనన్న బెంగ కూడా ఉండదు. ఫొటోషాప్, వీడియో, బ్రౌజర్ కొత్తదాని మీదకు పోతాయి. సగం రద్దీ ప్రాసెసర్‌తో నిమిత్తం లేకుండానే తగ్గిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ గురించి మాత్రం కొంచెం గట్టిగానే చెబుతాను, నేను దెబ్బ తిన్నవాణ్ని కనుక. ఒకప్పుడు ఎనిమిది వందలు మిగుల్చుకుందామని పేరు తెలియని ఎస్‌ఎంపీఎస్ వేయించాను. ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన క్షణాన టప్పుమని శబ్దం, కాలిన వాసన. తాను పోతూ బోర్డును, డిస్కును వెంట తీసుకుపోయింది. డిస్కులో రెండు నెలల పని ఉంది. అప్పటి నుంచి కరెంటు అంతగా వృథా చేయదని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు, మంచి వారంటీ లేనిది ఇంట్లోకి రానివ్వను. కార్డు లేకపోతే 550 వాట్లు ధారాళంగా చాలు. కార్డు వేసే ఆలోచన ఉంటే 650 తీసుకోండి. యూపీఎస్ కూడా చూసుకోవాలి. 600 వీఏ అని రాసి ఉన్న చిన్నవి సాధారణంగా 360 వాట్ల దాకానే మోస్తాయి. ఐ5, మానిటర్‌కు అది సరిపోతుంది. ఆ ఐ9 నిండుగా రెండర్ చేస్తూ కార్డు కూడా తోడైతే కరెంటు పోగానే అదీ చేతులెత్తేస్తుంది.

వేడి సంగతి మీకు నేను చెప్పాలా? రెంటచింతల పేరు వినిపించని వేసవి వార్తలు ఉండవు. దుకాణంలో ఏసీ ఉందో లేదో మీరు రాయలేదు. గదిలోనే నలభై దాటినప్పుడు 253 వాట్ల ప్రాసెసర్ వంద డిగ్రీల గీత తాకి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో అది ఐ9 కాదు, మీరు ఖరీదుగా కొన్న ఐ5. ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్, రెండు ఫ్యాన్లు, నెలకోసారి దుమ్ము దులపడం చాలు. నీళ్ల కూలర్ అక్కరలేదు.

ఎస్‌ఎస్‌డీ 1 టీబీ ఎన్‌వీఎంఈ రకం తీసుకుని విండోస్, ప్రస్తుతం నడుస్తున్న పనులు దాని మీద ఉంచండి. ఫొటోషాప్ స్క్రాచ్ డిస్కు (ర్యామ్ చాలనప్పుడు అది వాడుకునే చోటు) కూడా అదే. అయిపోయిన పెళ్లిళ్లు హార్డ్ డిస్కుకు, ఇంకో నకలు బయట డిస్కుకు. బిల్లు జీఎస్‌టీతో తీసుకోండి. మీరు కాంపోజిషన్ పథకంలో కాకుండా మామూలుగా నమోదై ఉంటే కట్టిన 18 శాతం పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా మీరు కట్టవలసిన పన్నులో తగ్గుతుంది. ఆ మొత్తంతో యూపీఎస్ కొనుక్కోవచ్చు.

మిగిలింది మీ మరిది. ఆయనకు మీరంటే ప్రేమ ఉంది, లేకపోతే సొంత డబ్బు వేస్తాననరు. “మీ ఐ9 వద్దు” అని మొదలుపెడితే మాట అక్కడే తెగుతుంది. మీ భర్తతో చెప్పించినా అన్నదమ్ముల మధ్య మీరు నిలబడినట్టవుతుంది. నేను చెప్పానని ఈ జవాబు చూపించవచ్చు, కానీ బయటివాడి మాట పట్టుకున్నారన్న చిన్న నొప్పి మిగిలే ప్రమాదం ఉంది. నాకు మెరుగనిపించేది, ఆయనకు ప్రశ్న మార్చి ఇవ్వడం. టాస్క్ మేనేజర్ అంకెల కాగితం, కెమెరా ఫైల్ ఒకటి ఆయనకు పంపి, “ఈ అంకెలకు, ఈ ఫైలుకు తగ్గట్టు మీరే ఇంకోసారి కట్టి చూడండి” అనండి. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, అంకెలు చూశాక తన కొటేషన్ తానే దిద్దుకునే అవకాశం ఎక్కువ. అయినా ఐ9 అనే పట్టుబడితే బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, కూలర్ దానికి తగినవి వేయమనండి. అప్పుడు మొత్తం ఎంతకు ఎక్కుతుందో ఆయనకే కనిపిస్తుంది. ఆయన వేస్తానన్న తేడా డబ్బును రెండో జత ర్యామ్‌కు అడగండి. అబ్బాయికేమో కార్డు వచ్చే ఏడాది పరీక్షల తర్వాత అని చెప్పండి. 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ముందే ఉంటే అప్పుడు కార్డు ఒక్కటే కొంటే సరిపోతుంది.

రెండు రోజుల అంకెలు వచ్చాక నాకూ ఒక నకలు రాయండి. 4:2:2 ఉంచాలా, 4:2:0కు దిగాలా అన్నది మీ భర్త తేల్చిన తర్వాతే అడ్వాన్సు కట్టండి. ఆ రెండూ తెలిస్తే 32 జీబీతో ఆగాలా, 64కు పోవాలా అన్నది అప్పుడు చెప్పగలను.